గోడకు అతికించిన ఐదు గాజుముక్కలు

ఆ ఇల్లు చూడడానికి వెళ్ళిన రోజు నేను ముందు ఇంటిని చూడలేదు, చెట్టును చూశాను. వంటగది గోడకు ఎనిమిది అడుగుల దూరంలో మహాగని చెట్టు. ఒక్క వంకర లేకుండా పద్దెనిమిది అడుగులు లేచి, అక్కడ మొదటి కొమ్మ వేసింది. మొదలు చుట్టుకొలత తొమ్మిది అడుగులుంటుందని గేటు దగ్గరే కంటితో కొలిచేశాను. తొమ్మిదిలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, పొడవుతో గుణిస్తే తొంభై ఒక్క ఘనపుటడుగుల కలప. తలుపు తట్టకముందే నా లెక్క పూర్తయింది.

ముప్పై ఏళ్ళుగా నాది కలప వ్యాపారం. రోడ్డు వైపు దుంగలు అమ్మే అడితి, వెనక కోతమిల్లు, మిల్లు పైన మూడు గదులు. ఆ మూడు గదుల్లోనే కాపురం. జేబులో టేపు లేకుండా నన్ను చూసినవాళ్ళు లేరు గనక బజార్లో అందరూ టేపుగారంటారు. నిలబడి ఉన్న చెట్టును చూసి లోపల చేవ ఎంతో, పుచ్చు ఎంతో చెప్పగలనని నాకు పేరు. ఆ పేరు అబద్ధం కాదు.

ఇల్లు కావలసింది నా భార్యకు. ముచ్చటపడి అడిగింది కాదు. రంపం తిరిగినంతసేపూ పొట్టు లేస్తుంది. కిటికీలు మూసినా నేలచెక్కల సందుల్లోంచి పైకి వస్తుంది. బియ్యం డబ్బా మూత మీద, దిండు మీద, ఆమె కనుబొమ్మల మీద సన్నగా పేరుకుంటుంది. ఆమె రోజుకు నాలుగుసార్లు ఊడ్చేది. ఊడ్చినప్పుడే ఎక్కువ దగ్గేది. ఆ ఏడాది ఇక దగ్గు ఆగడమే మానేసింది. డాక్టరు ఆమె ఎక్స్‌రేని వెలుగుకు పట్టి చూసి, "మందు రాయడం నా పని, గాలి మార్చడం మీ పని. మీ పని మానేసి నా పనికి డబ్బులు కడుతున్నారు మీరు" అన్నాడు. ఇంకో రెండేళ్ళు ఆ గదుల్లోనే ఉంటే ఆ తర్వాత ఎక్కడికి మార్చినా ఒకటేనని కూడా చెప్పాడు.

మిల్లు కదలదు. దాని లైసెన్సు ఆ స్థలానికే ఇచ్చారు, మా తిండి ఆ రంపం మీదే. కదలాల్సింది మేమే. పొట్టు చేరని దూరంలో నాలుగిళ్ళు చూశాం. ఏదీ నా చేతికి అందే ధర కాదు. ఈ పాత ఇల్లు కూడా నేను పెట్టగలిగినదానికంటే ఎనిమిదో వంతు ఎక్కువ. చెట్టు కోసి అమ్మితే వచ్చేదీ సుమారుగా ఆ ఎనిమిదో వంతే. అందుకే తలుపు తట్టాను.

తలుపు తీసినావిడ రిటైరైన లెక్కల టీచరమ్మ. డెబ్బై దాటి ఉంటుంది. భర్త రోడ్ల శాఖలో ఓవర్సీరుగా చేసి రెండేళ్ళ కిందట పోయాడు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయని చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోదామనుకుంటోంది. ఇదంతా నేను అడక్కుండానే చెప్పింది. అమ్మేవాళ్ళు చెప్పేది వినొద్దు, చెప్తున్నప్పుడు వాళ్ళ చేతులు చూడమని మా నాన్న నేర్పాడు. ఆమె చేతులు తాళాలగుత్తిని తిప్పుతూనే ఉన్నాయి. తొందరలో ఉంది, తగ్గుతుంది అనుకున్నాను.

ఇల్లు బాగుంది. గదులు పెద్దవి, గాలి ధారాళంగా వస్తోంది, గచ్చు చల్లగా ఉంది. నాతో వచ్చిన నా భార్య ముందు గది దాటి వంటింట్లోకి వెళ్ళి కిటికీ తెరిచింది. చెట్టు నీడ లోపలికి వచ్చి పొయ్యిగట్టు మీద పడింది. ఆమె అక్కడే నిలబడిపోయింది. ఆ నిలబడడం టీచరమ్మ చూస్తుందేమోనని నాకు చిరాకేసింది. కొనేవాళ్ళ మొహంలో ఇష్టం కనబడితే ధర ఒక్క పైసా దిగదు.

"ఇలా రా, అక్కడేం ఉంది?" అన్నాను గట్టిగా.

"గాలుంది" అంది ఆమె.

అప్పుడే చూశాను గాజుముక్కల్ని. వంటగది గోడకు, దాని పక్క గోడకు వెంట్రుకవాసి పగుళ్ళు నాలుగైదు ఉన్నాయి. ఒక్కో పగులుకు అడ్డంగా, వేలెడు పొడవున ఒక గాజుముక్క, రెండు చివర్లా సిమెంటు ముద్ద పెట్టి అతికించి ఉంది. గాజు మీద నల్ల రంగుతో తేదీ. మొత్తం ఐదు.

"ఇవేంటమ్మగారూ?"

"మావారు పెట్టారు. పగులు కదిలితే గాజు విరుగుతుంది. పెట్టి పందొమ్మిదేళ్ళయింది, ఒక్కటీ విరగలేదు."

"అంటే గోడలు పగిలాయని మీరే ఒప్పుకుంటున్నారు."

"పగిలి, ఆగిపోయాయి అంటున్నాను."

"కాలికి కట్టు కట్టినవాణ్ణి తీసుకొచ్చి, కాలు భేషుగ్గా ఉందంటే ఎవరు నమ్ముతారమ్మా?"

"కట్టు కాదు బాబూ, థర్మామీటరు అది. జ్వరం లేదని చూపిస్తోంది."

నా భార్య ఫక్కున నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. టీచరమ్మ ఆమెను భుజం పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చింది. వాళ్ళిద్దరూ లోపల చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను ఆ సమయం వృథా చేయలేదు. పెరట్లోకి వెళ్ళి చెట్టుకు టేపు చుట్టి చూశాను. తొమ్మిది అడుగుల ఒక అంగుళం.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను, ఈసారి మేస్త్రిని వెంటబెట్టుకుని. దారిలోనే అతనికి నూరిపోశాను. "చెట్టు వేళ్ళు పునాదిని లేపేస్తున్నాయని చెప్పు. ఇల్లు ఎన్నాళ్ళో ఉండదన్నట్టు మొహం పెట్టు. నోటితో తక్కువ చెప్పు, తల ఎక్కువ ఊపు."

మేస్త్రి నా అంచనాను మించిపోయాడు. గోడను వేళ్ళతో కొట్టి చెవి ఆనించి విన్నాడు. గాజుముక్కల ముందు నిలబడి నిట్టూర్చాడు. చెట్టు మొదట్లో కూర్చుని మట్టి పిసికి వాసన చూశాడు. టీచరమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని మమ్మల్ని పరీక్ష రాసే పిల్లల్ని చూసినట్టు చూస్తూ ఉంది.

"చెట్టు ఇంటిని తినేస్తోందమ్మా" అన్నాడు చివరికి.

"మా ఇంటికంటే ముందునుంచీ ఉంది ఆ చెట్టు. యాభై రెండేళ్ళనుంచీ తింటూనే ఉందా?"

"నెమ్మదిగా తింటదండీ."

నేను అందుకున్నాను. చెట్టు తీయించాలి, పునాది తవ్వి బలం వేయాలి, గోడలు మళ్ళీ పూయాలి, ఇవన్నీ నా నెత్తినే పడతాయని ఏకరువు పెట్టాను. ఎనిమిదో వంతు తగ్గిస్తే తీసుకుంటాను, లేకపోతే మీ చెట్టు మీకే ఉండనివ్వండి అన్నాను. ఆమె కుర్చీ పట్టుకుని లేచింది. తర్వాత లోపలికి ఒకసారి చూసింది, నా భార్య అక్కడ ఉన్నట్టు. ఆ రోజు ఆమె రాలేదు.

"సరే, తీసుకోండి" అంది.

ఇంత సులువుగా తెగిన బేరం నా జన్మలో లేదు. రోడ్డు మీదికి వచ్చాక మేస్త్రి తల గోక్కున్నాడు.

"ఒక మాట సార్. చెట్టు సంగతి నాకు తెలీదు గానీ గోడ మాత్రం గట్టిగా ఉంది. కదల్లేదు."

"అది నాకు చెప్పావు, చాలు. ఇంకెవరికీ చెప్పకు" అని అతని చేతిలో డబ్బు పెట్టాను.

తాళాలు ఇచ్చిన రోజు టీచరమ్మ అట్ట చిరిగిన ఒక లావుపాటి నోటుపుస్తకం కూడా ఇవ్వబోయింది. "మావారు ఇంటి గురించి రాసుకున్నది. మీ దగ్గరుంటే మంచిది."

"పాత కాగితాలు నేనేం చేసుకుంటానమ్మా? మీ జ్ఞాపకాలు మీ దగ్గరే ఉంచుకోండి."

"జ్ఞాపకాలు కావు, కొలతలు. సరే. చెట్టు జోలికి మాత్రం వెళ్ళకు బాబూ. వెళ్ళక తప్పకపోతే ఒక్కసారిగా కొట్టించకు."

యాభై ఏళ్ళు ఆ నీడన బతికిన ముసలావిడ మమకారం అనుకున్నాను. "మీ ఆటో వీధి మలుపు తిరిగేదాకా ఒక్క ఆకు కూడా ముట్టుకోను" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు.

ఎండలు మొదలవుతుండగా ఇల్లు మారాం. మొదటి వారం నా భార్య దగ్గుతూనే ఉంది. రెండో వారం రాత్రిళ్ళు దగ్గడం మానేసింది. మూడో వారం ఒకరోజు భోజనం దగ్గర, పక్కింటి వాళ్ళ కుక్క మా చెప్పు ఎత్తుకుపోయిన సంగతి మొదలుపెట్టి, ఎక్కడా ఆగకుండా, ఊపిరి కోసం వెతుక్కోకుండా చివరిదాకా చెప్పింది. చెప్పాక తనే ఆశ్చర్యపోయి గొంతు మీద చెయ్యి వేసుకుంది. పదిరోజులకొకటి అయిపోయే ఇన్‌హేలర్ నెలా పదిహేను రోజులు వచ్చింది. డాక్టరు ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టి వినీ వినీ, "ఇప్పుడు మీరు మీ పని చేశారు" అన్నాడు నాతో.

మధ్యాహ్నాలు ఆమె చెట్టు కింద కుర్చీ వేసుకుని కూరలు తరిగేది, బట్టలకు గుండీలు కుట్టేది, ఊరికే కూర్చునేది. ముప్పై ఏళ్ళలో ఆమె ఊరికే కూర్చోవడం నేను చూసింది అప్పుడే.

ధర తగ్గింది. ఇల్లు నా డబ్బుకు సరిపోయింది. చెట్టు లెక్కలో మిగిలిపోయింది. ఇక్కడ ఆగి ఉంటే ఈ కథే లేదు.

మిల్లులో రంపం నడిపేది మా బావమరిది, నా భార్యకు తమ్ముడు. నోరు ఊరుకోని మనిషి. రోజూ పొద్దున్నే పలకరింపు అదే.

"ఏం బావా, తొంభై ఒక్క అడుగులు క్షేమమా?"

"క్షేమమే."

"పెరట్లో అంత డబ్బు నిలబెట్టి నిద్రెలా పడుతోందయ్యా నీకు? కాకులకు అద్దెకిచ్చావా?"

సరిగ్గా అప్పుడే తలుపులు చేసే కార్ఖానా వాడొకడు పాత మహాగని కావాలని వచ్చాడు. నేను అనుకున్నదానికంటే ఎక్కువ ధర చెప్పాడు. బయానా బల్ల మీద పెట్టాడు. బల్ల మీద పెట్టిన డబ్బు వెనక్కి నెట్టడం నాకు చేతకాదు. ఇంటికి వెళ్ళి ఆమెకు చెప్పాను.

"ధర తగ్గించారు కదా, మళ్ళీ చెట్టెందుకు?" అంది.

"ఉంచితే ఇంటికి ప్రమాదం."

"ఎవరన్నారు?"

"మేస్త్రి."

"మేస్త్రికి ఎవరు చెప్పారు?"

నిజం చెప్పాలంటే, ఆపాటికి నాకూ ఆ మాట నిజమేననిపించసాగింది. బేరంలో ఒకసారి, దస్తావేజు రాసే గుమాస్తా దగ్గర ఒకసారి, బంధువుల దగ్గర నాలుగుసార్లు చెప్పిన మాట. అన్నిసార్లు చెప్పాక అది ఎక్కడ పుట్టిందో మనిషికి గుర్తుండదు. చెట్టు కొట్టడానికి మున్సిపాలిటీకి పెట్టిన అర్జీలో కూడా అదే రాశాను: వేళ్ళ వల్ల పునాదికి ముప్పు. చూడడానికి వచ్చిన ఉద్యోగికి గాజుముక్కలు చూపించాను. అతను వాటిని ఫొటో తీసుకుని సంతకం పెట్టేశాడు.

"ఆ నీడలో ఊపిరాడుతోందండీ నాకు" అంది ఆమె చివరిసారిగా.

"నీడ వల్ల కాదు, పొట్టు లేకపోవడం వల్ల. డాక్టరు చెప్పలేదూ?"

అది నిజమే. నిజం కాబట్టి ఆమె ఇక వాదించలేదు.

రెండు రోజులు పట్టింది. తాళ్ళు కట్టి కొమ్మలు దించి, మొదలును మూడు దుంగలుగా కోశారు. లోపల పుచ్చు లేదు, చేవ ముదురు ఎరుపు. మొత్తం తొంభై రెండు అడుగులు తేలింది, నా కంటి కొలత కంటే ఒక్క అడుగు ఎక్కువ. బావమరిది నాకు చెయ్యెత్తి దండం పెట్టాడు. చెట్టు కొట్టినవాళ్ళలో పెద్దవాడు మాత్రం మోడు పక్కన నిలబడి చూస్తూ ఉన్నాడు. కోసిన మొహం మీద నీరు ఊరి, అంచులు దాటి కారుతోంది.

"బాగా తాగే చెట్టండీ ఇది. రోజుకు పీపాలకు పీపాలు తాగి ఉంటది" అన్నాడు.

మోడు పదకొండు రోజులు తడిగా ఉంది. ఆమె రోజూ వెళ్ళి చెయ్యి పెట్టి చూసి వచ్చేది.

వానలు పడ్డాయి. రెండో వారం వంటగది తలుపు పట్టేయడం మొదలుపెట్టింది.

ఇక్కడ నా తెలివి చెప్పుకోవాలి. వేరే ఎవడైనా అయితే గోడను చూసేవాడు. నేను కలపవాణ్ణి. వానాకాలం చెక్క నెమ్ము పీల్చి ఉబ్బుతుందని నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. చిత్రిక తెచ్చి తలుపు అంచు తీశాను. వారం బాగుంది, మళ్ళీ పట్టేసింది. మళ్ళీ తీశాను. మూడోసారి చిత్రిక పడుతుంటే నా భార్య పక్కన నిలబడి, "తలుపు ఉబ్బితే పైన పట్టేసి కింద సందెందుకొచ్చింది?" అని అడిగింది.

చిత్రిక కింద పెట్టి టేపు తీశాను. ద్వారబంధాన్ని మూల నుంచి మూలకు కొలిచాను. ఆ తర్వాత రెండో వైపు మూలల్నీ కొలిచాను. రెండూ ఒకటే రావాలి. అరంగుళం తేడా వచ్చింది. చెక్క ఉబ్బలేదు. ఇల్లు ఒరిగింది.

మొదటి గాజుముక్క మరుసటి రోజు భోజనాల వేళ విరిగింది. పెద్ద చప్పుడేం కాదు, టిక్కుమని. ఆమె ముద్ద చేతిలో పట్టుకుని గోడ వైపు చూసింది. నేను కూడా చూశాను. గాజు మధ్యలో తెల్లటి గీత. పందొమ్మిదేళ్ళ కిందటి తేదీ రెండు ముక్కలయింది.

తర్వాత పది రోజుల్లో ఇంకో మూడు. వెంట్రుకవాసి పగుళ్ళలో ముందు గోరు దూరింది, తర్వాత వేలు. వంటింటి గచ్చు మధ్యలో ఉబ్బి, ఉల్లిపాయ జారిపడితే దొర్లుకుంటూ గుమ్మందాకా పోయేది. మొదట్లో అది చూసి ఆమె నవ్వింది, తర్వాత మానేసింది. గచ్చు కింద మురుగుగొట్టం విరిగి, ఆ నీరు కూడా నేలలోకే ఇంకిందని చాలా రోజులకు గానీ తెలియలేదు.

ఫీజు దండగ అని కొనేముందు పిలవని ఇంజనీరును అప్పుడు పిలిచాను. చిన్న వయసు, మొహమాటస్తుడు. మోడు పక్కన మనిషి లోతు గుంట తవ్వించి, మట్టి అరచేతిలో తీసుకుని పాములా చుట్టి నాకు చూపించాడు.

"బంకమన్నండీ. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఇల్లు కట్టకముందునుంచీ ఈ చెట్టు నేలలో నీళ్ళు తాగుతూ ఉంది. అలా ఆరిన నేల మీద ఇల్లు కట్టారు. మొదట్లో కొంచెం కదిలి ఉంటుంది, ఆ పగుళ్ళు అవే. తర్వాత రెండూ సర్దుకున్నాయి. ఇప్పుడు తాగేవాళ్ళు లేరు. నేల ఉబ్బుతోంది."

"ఎన్నాళ్ళు ఉబ్బుతుంది?"

"ఐదేళ్ళు పట్టొచ్చు, పదేళ్ళు పట్టొచ్చు. ఎవరూ చెప్పలేరు."

"బాగుచేయడానికి ఎంతవుతుంది?"

అతను మట్టి దులుపుకున్నాడు. "కూల్చి కొత్తది కట్టుకోవడమే చవకండీ. అప్పటిదాకా ఈ రెండు గదుల్లో మాత్రం పడుకోకండి." మోడు వైపు చూసి, "చెట్టు ఎందుకు కొట్టించారు? ఎవరైనా చెప్పారా?" అని అడిగాడు.

"అందరూ చెప్పారు" అన్నాను.

కోపం ఎవరి మీదైనా చూపించాలి కదా. టీచరమ్మ అడ్రసు వెతుక్కుని వెళ్ళాను. చెల్లెలి ఇంట్లో, కింది అంతస్తులో చిన్న గది. కిటికీ దగ్గర కూర్చుని ఎవరి పిల్లకో భిన్నాలు చెప్తోంది. నన్ను చూసి పిల్లను పంపేసింది. నేను నిలబడే అరిచాను. లోపం దాచి అంటగట్టారన్నాను, ఇచ్చిన దాంట్లో సగమైనా వెనక్కివ్వకపోతే కోర్టుకీడుస్తానన్నాను.

అంతా విన్నాక ఆమె మంచం కిందినుంచి పెట్టె లాగి ఆ నోటుపుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. పేజీకొక ఏడాది. వానలకు ముందు కొమ్మలు ఎన్ని దించారో, ఎండల్లో పగుళ్ళు ఎంత ఉన్నాయో, వానల్లో ఎంత ఉన్నాయో, గాజులు సరిచూసిన తేదీలు. చేతిరాత ముత్యాల్లా ఉంది. ఒక పేజీలో కింద గీత గీసి రాసి ఉంది: "చెట్టు తీయాల్సివస్తే నాలుగైదేళ్ళలో కొంచెం కొంచెంగా తీయాలి. ఒకేసారి తీస్తే ఇల్లు నిలవదు."

"ఇది ఆ రోజు గట్టిగా చెప్పొచ్చు కదమ్మా!"

"చెప్పాను బాబూ. నువ్వు నా చేతులు చూస్తూ ఉన్నావు."

పిల్ల కూర్చున్న పీట మీద కూర్చున్నాను.

"పోనీ, అంత గట్టి ఇల్లని తెలిసీ ధరెందుకు తగ్గించారు? మేస్త్రి చెప్పింది నమ్మారనే కదా నేను..."

"నీ మేస్త్రినా?" ఆమె మొదటిసారి నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. "మావారు నలభై ఏళ్ళు అలాంటి మేస్త్రులతోనే వేగారు. నీ భార్యకు మంచినీళ్ళిచ్చినప్పుడు ఆవిడ దగ్గు విన్నాను. పొట్టు సంగతి చెప్పింది. ఇంకో రెండేళ్ళే గడువని డాక్టరన్న మాటా చెప్పింది. మీ దగ్గర ఎంత ఉందో అది కూడా చెప్పింది పాపం, బేరం తెలియని మనిషి. అందుకు తగ్గించాను. ఎలా ఉంది ఇప్పుడు?"

నేను పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి వచ్చేశాను. నా బేరం దమ్మిడీకి కొరగాలేదు. నా భార్య నిజం చెప్పి ఇల్లు సంపాదించింది, నేను అబద్ధం చెప్పి పోగొట్టాను. లెక్క ఎటునుంచి కట్టినా అంతే వస్తోంది.

నా భార్య ఇల్లు వదలనంది. ముందు గదిలో ఉంటాను, పైకప్పు పడితే పడనివ్వండి అంది. నెలరోజులు అలాగే ఉన్నాం. నా అడితిలోంచే మంచి వాసాలు తెచ్చి గోడలు ఒరగకుండా ఆసరాగా పోట్లు పెట్టాను. చివరికి వంటగది దూలం జరిగి పొయ్యిగట్టు మీద పెళ్ళలు రాలిన రోజు, ఆమె గిన్నెలు గోనెసంచిలో సర్దింది.

అమ్మకానికి పెడితే వచ్చినవాడు ఒక్కడే, గోడౌన్లు కట్టేవాడు. నాలాంటివాడే. గేటు దగ్గరే మొహం చిట్లించాడు.

"ఇల్లు లెక్కలోకి రాదు సార్. స్థలం ధర ఇస్తాను, అందులో కూల్చే ఖర్చు తీసేస్తాను. మోడు పెకలించడం, గుంట పూడ్చడం అదనం. మన్ను కూడా మంచిది కాదట కదా?"

వాడి చేతులు చూశాను. నిలకడగా ఉన్నాయి. వాడు చెప్పింది చాలా తక్కువ ధర. ఇంకొంచెం లాగొచ్చని నాకు తెలుసు, వాడికీ తెలుసు, నా జవాబు కోసమే ఆగాడు. సరేనన్నాను. వాడు అనుమానంగా నా వైపు, ఇంటి వైపు మార్చి మార్చి చూశాడు.

వాడు వెళ్ళాక ఆమె అడిగింది, "ఒక్క మాటైనా అనలేదేం?"

"ఏమని అనను?"

"ఏదో ఒకటి. మీరు ఊరుకుంటే నాకు భయమేస్తోంది."

వచ్చిన డబ్బు ఇల్లు కొనడానికి చేసిన బ్యాంకు అప్పుకు పోయింది. మిగిలినదానికి చెట్టు డబ్బు కలిపితే పొట్టు చేరని దూరంలో ఒక గదిక్కూడా బయానా కాదు. అద్దెకు వెళ్దామంటే ఇన్‌హేలర్లకూ డాక్టరుకూ పోగా నెలకు మిగిలేది లేదు. అన్ని విధాలా కట్టి చూశాను, రాత్రీ పగలూ అదే పని. మళ్ళీ మిల్లు పైనున్న మూడు గదులకే వచ్చాం.

బావమరిది ఇప్పుడు జోకులు వేయడంలేదు. అక్క పడుకునే వేళల్లో రంపం ఆపుతానన్నాడు, కొన్నాళ్ళు ఆపాడు కూడా. ఆర్డర్లు పక్క మిల్లుకు పోవడం మొదలయ్యాక వాడు ఆపలేదు, నేను అడగలేదు. నేలచెక్కల సందుల్లో గుడ్డపేలికలు కూరాను. కిటికీలకు తడిదుప్పట్లు కట్టాను. ఇన్‌హేలర్ తొమ్మిది రోజులు వస్తోంది. కిందటి నెల ఎనిమిది. డాక్టరు కొత్త ఎక్స్‌రేని వెలుగుకు పట్టి చూశాడు. ఈసారి ఎవరి పని ఏమిటో చెప్పలేదు. మందు మాత్రం రాసిచ్చాడు.

మొన్న ఆమె అడిగింది.

"చెట్టు ఎన్ని పలకలైంది?"

"నూట అరవై నాలుగు."

"ఎక్కడికెళ్ళాయి?"

"కార్ఖానాకు. తలుపులు చేస్తారు."

"మంచి తలుపులౌతాయా?"

"వందేళ్ళుంటాయి."

ఇంకేదో అనబోయింది. దగ్గు వచ్చింది. అది తగ్గేటప్పటికి అనాలనుకున్నది మర్చిపోయింది, లేదా వద్దనుకుంది.

ఇల్లు వదిలేటప్పుడు ఆమె ఒక్క వస్తువు తెచ్చుకుంది. ఐదో గాజుముక్క విరగలేదు. నేను చిత్రిక పట్టిన తలుపు వెనక గోడకు ఉండేది. కూరల కత్తితో సిమెంటు గీకి దాన్ని ఊడదీసింది. ఇప్పుడది ఆమె మంచం పక్క కిటికీ గట్టు మీద ఉంటుంది, నల్ల రంగు తేదీ పైకి ఉండేలా. పొద్దున్న రంపం మొదలుపెట్టకముందు చీరచెంగుతో దాన్ని తుడుస్తుంది. మధ్యాహ్నం భోజనానికి నేను పైకి వచ్చేసరికి దాని మీద తేదీ కనబడదు.